ఎదిగే పిల్లకి కాలెందుకన్నారు

కాలవగట్టు మీద ఇటుకల ట్రాక్టరు చక్రం కింద మా పాప ఎడమ కాలు నలిగిపోయింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. సంతకాలు, రక్తం, ఆపరేషను... అవేవీ నాకు సరిగ్గా గుర్తు లేవు. నాలుగో రాత్రి మాత్రం మర్చిపోలేను. అర్ధరాత్రి దాటాక లేచి, "అమ్మా, ఎడం కాలి బొటనవేలు దురదేస్తోంది, గోకవా" అంది. మోకాలి కింద జానెడు కట్టు, ఆ తర్వాత ఉత్త దుప్పటి. ఏం చెయ్యను? వేలుండాల్సిన చోట దుప్పటి గోకాను. "ఇంకొంచెం కిందకి" అంది. పిల్లకి మతి పోయిందేమోనని తెల్లారేదాకా వణికిపోయాను. తీసేసిన కాలు ఉన్నట్టు అనిపించడం మామూలేనని డాక్టరుగారు పొద్దున చెప్పారు. ఆ ముక్క ముందే చెప్తే ఏం పోయేది?

కట్టు విప్పాక అసలు తిప్పలు మొదలయ్యాయి. ప్రైవేటు సెంటర్లో కృత్రిమ కాలికి లక్షా పాతికవేలన్నారు. డ్వాక్రా అప్పు అప్పటికే ఆసుపత్రికి పోయింది. సాయం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడొకాయన తలెత్తకుండానే, "ఎదిగే పిల్లకి కాలెందుకమ్మా, ఏడాదికే పొట్టయిపోద్ది. పెద్దయ్యాక చూద్దాం" అన్నాడు. అందాకా మంచం మీద కూర్చోబెట్టాలా? మా ఆయన "అలాగేనండి" అని దణ్ణం పెట్టి వచ్చేశారు. ఆయన మీద కూడా వారం రోజులు కోపం పోలేదు నాకు.

దారి చూపింది మా ఊళ్ళో పోలియో కాలితో మిషను కుట్టుకునే అన్నయ్య. ముందు సదరం సర్టిఫికెట్ తీయించమన్నాడు. వైకల్యం 40 శాతమైనా ఉందని రాసిన ఆ కాగితమే పెన్షనుకీ పథకాలకీ అడుగుతారట. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం ఎడిప్ పథకం కింద, కృత్రిమ అవయవాలు చేసే ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపులుంటాయనీ, జైపూర్‌లో భగవాన్ మహావీర్ సమితి 1975 నుంచీ ఉచితంగానే కాళ్ళు పెడుతోందనీ చెప్పాడు. క్యాంపు కోసం ఎదురుచూసే ఓపిక లేక జైపూర్ రైలెక్కాం. కొలత తీసినాయనకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. పాప భుజం తట్టి కడ్డీల మధ్య నిలబెట్టాడు. పేరడగాలని కూడా తోచలేదు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలూ ఆ మనిషి కోసమే తిరిగాను.

మాలాంటి వాళ్ళకి ఒక మాట. తీసేసిన చోట వాపు పూర్తిగా తగ్గకముందు కొలతలివ్వకండి, పెట్టిన కాలు తర్వాత వదులైపోతుంది. రాత్రి ఆ కాలు విప్పగానే చర్మం ఎర్రబడిందేమో చూడండి.

జైపూర్‌లో పెట్టిన కాలి రబ్బరు పాదంతో పాప చెప్పుల్లేకుండా వరిగట్ల మీద తిరుగుతోంది. ఆఫీసాయన అన్నట్టే అది పొట్టయింది కూడా. మొన్న గుమ్మం పక్కన నిలబెట్టి గోడ మీద గీత గీస్తే, పాత గీతకి మూడు వేళ్ళు పైనుంది. మళ్ళీ టికెట్లు చూస్తున్నాం.