అమెరికా మిడిల్ స్కూల్లో ఇంజినీరింగ్ పాఠం: కప్పు వేడినీళ్లు చాలు

జె-1 వీసా (విదేశీ టీచర్ల వంటివారికిచ్చే ఎక్స్చేంజ్ వీసా) మీద అమెరికా బడుల్లో సైన్సు, లెక్కలు చెప్పడానికి వచ్చే మన టీచర్లకు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా కొత్తగా తగిలేది ఇంజినీరింగ్. అదేమీ విడి సబ్జెక్టు కాదు. ఏ తరగతిలో సైన్సు ఏం నేర్పాలో చెప్పే నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ 2013లో వచ్చాయి, అవి దాన్ని సైన్సు పాఠాల్లోనే కలిపేశాయి. టెక్సస్, ఫ్లోరిడా, వర్జీనియాలకు సొంత ప్రమాణాలున్నాయి కాబట్టి ముందు మీ రాష్ట్రం సంగతి చూసుకోండి.

మొదటి ప్రాజెక్టుగా గుడ్డు పగలకుండా కింద పడేసే ఆటకన్నా, వేడి నిలిపే కప్పు మేలు. గుడ్డు పగిలిందా లేదా అన్నదొక్కటే తెలుస్తుంది. కప్పు మాత్రం వరసగా కొలతలిస్తుంది, లెక్కల క్లాసుకూ పనికొస్తుంది.

నలుగురికో గుంపు. అందరికీ ఒకే రకం పేపర్ కప్పు, మూత, 100 మి.లీ. నీళ్లు, 50 డిగ్రీల సెల్సియస్. 60 వద్దు, ఆ వేడికి కొన్ని సెకన్లలోనే చర్మం కాలిపోతుంది. నీళ్లు పోసేదీ టీచరే. (ఫారెన్‌హీట్‌లో పెరిగిన పిల్లలకు 50 అంటే స్వెటర్ వేసుకునే చలి. బోర్డు మీద 122 అని పక్కన రాయండి.) వేడి పోకుండా కప్పుకు చుట్టే దూది, ఉన్నిగుడ్డ, బబుల్ ర్యాప్, ఫాయిల్‌కు ఉత్తుత్తి ధరలు పెట్టి 10 డాలర్లు దాటొద్దనండి. చుట్టు మందం 2 సెం.మీ. లోపు. రెండు నిమిషాలకోసారి, 20 నిమిషాలపాటు కొలవాలి. పోలికకు ఏమీ చుట్టని, మూత మాత్రం ఉన్న కప్పొకటి పక్కన ఉండాలి.

ఎక్కువసార్లు చెడేది మూత దగ్గరే. అది వదులైతే పైనుంచి ఆవిరిగా చాలా వేడి పోతుంది, చుట్టూ ఏం చుట్టినా తేడా కనబడదు. దూదిని రబ్బరుబ్యాండుతో బిగించేస్తే అందులోని గాలి పోతుంది, వేడిని ఆపేది ఆ గాలే. చివరి గుంపు దగ్గరికొచ్చేసరికి కెటిల్ నీళ్లు చల్లారుతాయి, అందుకే ప్రతి గుంపూ తన థర్మామీటరు 50 చూపినప్పుడే గడియారం మొదలుపెట్టాలి. థర్మామీటరు మొన కప్పు అడుగుకు తగలకూడదు.

పదో తరగతి చెప్పి వచ్చినవారి చెయ్యి విశిష్టోష్ణం సూత్రం మీదికి పోతుంది. కానీ నెక్స్ట్ జనరేషన్ స్టాండర్డ్స్‌లో ఈ ప్రాజెక్టుకు సరిపోయే ప్రమాణంలో (MS-PS3-3) ఎంత ఉష్ణం బదిలీ అయిందో లెక్కకట్టడాన్ని పరీక్షించరని స్పష్టంగా ఉంది. అసలు లెక్క వేరేచోట ఉంది. ఒక గుంపు 8 డాలర్లు పెట్టి పోలిక కప్పుకన్నా 4 డిగ్రీలు ఎక్కువ నిలిపింది, ఇంకొకటి 4 డాలర్లతో 3 డిగ్రీలు. డాలరుకు 0.5, 0.75. ఎవరు గెలిచారు? జవాబు ముందుగా ఏది ముఖ్యమని రాసుకున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఆరో తరగతి నిష్పత్తులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు. ఎనిమిదో తరగతివారు గ్రాఫు మీద సరళరేఖ గీస్తే మొదట్లో, చివర్లో చుక్కలు రేఖకు పైన మిగులుతాయి. గది ఉష్ణోగ్రతతో తేడా ఎక్కువున్నప్పుడు నీళ్లు వేగంగా చల్లారతాయి, తర్వాత నెమ్మదిస్తాయి.

45 నిమిషాల పీరియడ్లయితే నాలుగు కావాలి: ఆలోచన, పరీక్ష, గ్రాఫు, మళ్లీ కట్టడం. సిలబస్ వెనకబడుతోందని చాలామంది కోసేసేది నాలుగోదాన్నే. మూడో రోజుతో ఆపేస్తే మిగిలేది చేతిపనే. రెండోసారి ఒక్క మార్పే చెయ్యనివ్వండి, ఎందుకో ముందే రాయించండి. రెండు మార్చిన గుంపుకు కప్పు బాగుపడినా, దేనివల్ల బాగుపడిందో చెప్పడం రాదు.