శ్రీశైలం ఘాట్ మూడోసారి, ఈసారి బ్రేక్ కాలలేదు

మొన్న గురువారం మూడోసారి పోయొచ్చిన. నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేట, మన్ననూర్, దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యామ్ దాకా. బండి అదే పాత పల్సర్ 150, మీటర్ 61 వేలు దాటింది. పోనూ రానూ 270 చిల్లర కిలోమీటర్లు, పెట్రోల్ ఆరు లీటర్లు, అంటే 650 రూపాయల లోపే. రెండోసారి ట్రిప్‌లో వాన తప్ప పెద్దగ చెప్పుకునేది ఏం లేదు, వదిలేయండి.

మొదటిసారి సంగతి మాత్రం చెప్పాలె, ఎందుకంటే ఇదంతా అక్కడి నుంచే మొదలైంది. పోయినేడు ఎండాకాలం, ఎనక మా బావ, ఆయన ఒక్కడే 85 కిలోలు, ఈగలపెంట దాటి కృష్ణ దిక్కు దిగుడు మొదలైంది, నేనేమో పెట్రోల్ మిగులుతదని బండి న్యూట్రల్‌లో వేసి బ్రేకుల మీదనే దిగుతున్న. నాలుగైదు మూలమలుపులు బానే ఉంది, ఆ తర్వాత ముందు బ్రేక్ లివర్ దూది లెక్క మెత్తగ అయిపోయి హ్యాండిల్‌ను తాకుతుంది, ఎనక డ్రమ్ బ్రేక్ తొక్కితే పట్టుకుంటలేదు, కాలిన వాసన. ఎట్లనో మట్టి ఉన్న పక్కకు తీసి ఆపిన. ఆపినోణ్ని గమ్మునుండక ముందు బ్రేక్ డిస్క్ మీద నీళ్లు పోసిన. సుయ్యిమంది. మా బావ దిగి బండిని చూడలే, నన్నే చూసిండు.

తర్వాత మెకానిక్ తిట్టిండు, రెండు తిట్లు. ఒకటి, కాలిన డిస్క్ మీద చల్లనీళ్లు పోస్తే అది వంకర పోతదని. రెండోది, బ్రేక్ ఆయిల్ నాలుగేండ్ల నుంచి మార్చలేదని. అది గాల్లో ఉన్న తేమను పీల్చుకుంటదట, తేమ పట్టిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతది, అండ్ల బుడగలొస్తయి, అప్పుడు లివర్ నొక్కితే బుడగలు అణుగుతయి గాని బ్రేక్ పడదు. రెండేండ్లకోసారి మార్చాలన్నడు. ఈసారి పోయేముందు బ్రేక్ ఆయిల్ కొత్తది, డాట్ 4 రకం, పోయించిన, ఎనక బ్రేక్ షూలు మార్పించిన, చైన్ జర టైట్ చేయించిన, టైర్లల్ల గాలి ముందు 25 ఎనక 28. ఒక్కణ్నే కదా, బావ రానన్నడు.

పొద్దున అయిదింటికి బయలెల్లిన. మన్ననూర్ ఫారెస్ట్ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటది, పులుల అడివి గదా. తెలిసినోళ్లు చెప్పరు గాని ఒక ముచ్చట, ఆరింటికి గేటు తీయంగనే రాత్రంతా ఆగిన లారీలు కార్లు అన్నీ ఒక్కసారే ఉరుకుతయి, వాటి నడుమ దూరొద్దు. చాయ్ తాగుకుంట ఇరవై నిమిషాలు ఆగిన, ఆ తర్వాత రోడ్డంతా నాదే. నీళ్ల సీసా స్టీల్‌ది పెట్టుకోండి, అమ్రాబాద్ అడివిల ప్లాస్టిక్ బంద్.

మన్ననూర్ ఎక్కుడు చిన్నదే గాని ప్రాక్టీసుకు అదే మంచిది, కొండ ఎక్కేటప్పుడు స్పీడ్ దానంతటదే తగ్గుతది, తప్పు చేసినా భూమి మాఫ్ చేస్తది. అక్కడ ఒక మలుపులో లోపలి అంచుకు వాన కొట్టుకొచ్చిన ఇసుక ఉండె, నేను చూసింది ఆలస్యంగ, ఎనక టైర్ ఒక జానెడు జారింది. బ్రేక్ పట్టుంటే పడిపోయేటోణ్ని, మలుపుకు ముందే సీదా రోడ్డు మీద పట్టేసి వదిలేసిన కాబట్టి బండి దానంతటదే సర్దుకుంది. గుండె మాత్రం వటవర్లపల్లి దాకా సర్దుకోలే.

పైన గుట్ట మీద రోడ్డు సాఫ్‌గ ఉంటది, చేతులు దురద పెడతయి, కానీ కోతులు రోడ్డు నడుమనే కూసుంటయి, ఎందుకంటే కార్లోళ్లు ఆపి బిస్కట్లు ఏస్తరు. వాళ్ల మీద నాకు మస్తు కోపం. 40 దాటలే. వటవర్లపల్లి దగ్గర గంపలో సీతాఫలాలు పెట్టుకున్న ముసలమ్మ "ఒక్కనివే అచ్చినవా కొడుకా" అనుకుంట ఒకటి ఎక్కువ ఏసింది. ట్యాంక్ బ్యాగ్‌లో పెడితే డ్యామ్ దాకా పోయేసరికి సగం గుజ్జు.

ఇగ దిగుడు. ఈగలపెంట దాటంగనే రెండో గేర్, యాక్సిలేటర్ పూర్తి వదిలేసుడు, ఇంజనే బండిని పట్టుకుంటది, మోత జర ఎక్కువైతది గాని భయపడొద్దు. స్పీడ్ 25, 30 కాడ నిలబడుతది. మూలమలుపు ముందు మాత్రం రెండు బ్రేకులు ఒక్కసారి గట్టిగ పట్టి వదిలేయాలె, నిమిషాల తరబడి మెల్లగ ఒత్తి పట్టుకోవద్దు, అట్ల పడితేనే కాలుతయి. కండ్లు మలుపు అవతలి కొసన ఉండాలె, ముందు చక్రం మీద కాదు. లోయ దిక్కు చూస్తే బండి కూడా లోయ దిక్కే పోతది, ఇది నేను రెండోసారి నేర్చుకున్న. హారన్ కొట్టుడు మర్యాద కాదు అనుకోకండి, ప్రతి మలుపుకు కొట్టిన.

కిందికి దిగి బ్రిడ్జి మీద ఆపి డిస్క్ దగ్గర చెయ్యి పెట్టి చూసిన, తాకలే, రెండు వేళ్ల దూరంల. వేడి తెలుస్తుంది గాని పెట్టగలిగిన. ఎనక డ్రమ్‌ను తాకిన కూడా. ఎదురుంగ డ్యామ్, 12 గేట్లు మూసే ఉన్నయి, నీళ్ల సప్పుడు లేదు, నా ఇంజన్ చల్లారుకుంట టక్కు టక్కుమనుడు ఒక్కటే వినిపిస్తుంది. మల్లన్న దర్శనం గంటన్నర, తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండింటికి, చీకటి పడక ముందే మన్ననూర్ దాటిన.

ఇంకొకటి. పొద్దున మన్ననూర్‌ల ఎనక టైర్ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు చాక్‌పీస్‌తో అడ్డంగ గీత గీసిన, మలుపులల్ల ఎంత వంచుతున్ననో తెలుస్తదని. బ్రిడ్జి కాడ చూస్తే ఎడమ పక్క గీత చెరగకుండ ఒక వేలు మందం మిగిలింది, కుడి పక్క మూడు వేళ్లు. ఎందుకో కొంచెంసేపు సమజ్ కాలే. కుడి మలుపుల బండి వంచితే నా తలకాయ రోడ్డు నడిమి గీత మీదికి పోతది, అవతలి నుంచి బస్సోడు కూడా మలుపు కోసుకుంట అదే గీత మీదికొస్తడు. అందుకే తెల్వకుండనే భయపడి వంచుతలేను. ఎడమ పక్కది వచ్చేసారి ఇంకొంచెం చూస్త. కుడి పక్క మూడు వేళ్లు అట్లనే ఉండనీ.