రైలు స్టేషన్లలో ఇంటిపేర్లు

శనివారం, బెర్లిన్.

ఉదయం పార్సెల్ కోసం కింది అంతస్తు వారింటికి వెళ్ళి, గుమ్మం దగ్గర బెల్లుల పక్కన రాసి ఉన్న పేర్లు చదువుతూ కాసేపు నిలబడిపోయాను. ఇక్కడ బెల్లు మీద ఫ్లాటు నంబరుకు బదులు ఇంటిపేరు ఉంటుంది. మ్యుల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, వాగ్నర్ అంటే బండ్లు చేసేవాడు, షుల్ట్స్ అంటే దొర తరఫున ఊళ్ళో శిస్తు వసూలు చేసే పెద్ద. ఊళ్ళ నుంచి వచ్చిన పేర్లూ చాలానే ఉన్నాయి. మా ఇంటిపేరు కూడా ఒక ఊరిదే కాబట్టి అలాంటివి కనిపిస్తే నాకు చుట్టాలను చూసినట్లు ఉంటుంది.

తరువాత కూరగాయలకని వింటర్‌ఫెల్ట్ చౌకు సంతకు బయలుదేరి, రైల్లో వరుసగా వచ్చే విట్టెన్‌బెర్గ్, నోలెన్‌డోర్ఫ్, బ్యూలో అనే స్టేషన్ పేర్లను మ్యాపులో చూస్తూ ఉండగా, ఇవి మాత్రం వృత్తి వల్లనో పుట్టిన ఊరి వల్లనో వచ్చినవి కావనీ, యుద్ధం పెట్టిన పేర్లనీ గుర్తుకు వచ్చింది. 1813 జూలైలో ట్రాఖెన్‌బెర్గ్‌లో నెపోలియన్ శత్రువులు ఒక వ్యూహం ఖరారు చేసుకున్నారు: నెపోలియన్ స్వయంగా వస్తే వెనక్కి తగ్గాలి, అతని సేనానులు ఒంటరిగా దొరికితే మీద పడాలి. పెద్ద నగరాలను వదిలి పోరాటం ఎవరికీ తెలియని పల్లెలకు చేరడంలో ఈ నిర్ణయానికి పెద్ద పాత్రే ఉందని నా నమ్మకం. ఆగస్టు 30న ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సేనాని క్లైస్ట్ దళం నోలెన్‌డోర్ఫ్ కొండ దారిన దిగి, కుల్మ్ దగ్గర నెపోలియన్ సేనాని వాన్‌డామ్ సైన్యాన్ని వెనుక నుంచి పట్టుకుంది. సెప్టెంబర్ 6న డెనెవిట్స్‌లో ప్రష్యా సేనాని బ్యూలో, నెపోలియన్ సేనాని అయిన నే అనే మార్షల్‌ను ఓడించాడు. అక్టోబర్ 3న మరో ప్రష్యా సేనాని యోర్క్ వార్టెన్‌బుర్గ్ దగ్గర పోరాడి ఎల్బే నది దాటే దారిని గెలిచాడు. మరుసటి ఏడాది ప్రష్యా రాజు ఈ ముగ్గురికీ కౌంట్ బిరుదునిచ్చి, ఆ పల్లెల పేర్లను వారి ఇంటిపేర్లకు చేర్చాడు. విట్టెన్‌బెర్గ్ కోటను పట్టిన ప్రష్యా సేనాని టావెన్‌ట్సీన్‌కూ ఇంటిపేరులో ఆ ఊరి పేరు చేర్చుకునే గౌరవం దక్కింది. మనవాళ్ళ ఇంటిపేరులోని ఊరు పూర్వీకులు బతికిన చోటు. వీరి పేరులోని ఊరు పూర్వీకుడు ఒక రోజు పోరాడిన చోటు. ఆ తేడా నన్ను సంత పొడవునా వదలలేదు.

సాయంత్రం వంట ముగించాక యోర్క్ వంశం గురించే మళ్ళీ చదివాను. ఆ ఇంటిపేరుతో పుట్టిన పేటర్ యోర్క్ ఫోన్ వార్టెన్‌బుర్గ్ హిట్లర్‌ను కూలదోసే ప్రయత్నంలో పాలుపంచుకున్నందుకు 1944 ఆగస్టు 8న ఇదే నగరంలోని ప్లెట్సెన్‌జే జైలులో ఉరికంబం ఎక్కాడు. రేపు ఆదివారం, సెలవు. అక్కడికి వెళ్ళి రావాలి.