కొత్త బోరు కాదు, పాత బోరింగుకి సీళ్ళు కావాలి

చందా అనగానే ఇక్కడ మలావిలో, బ్లాంటైర్ నగరంలో ఉన్న మన తెలుగువాళ్ళు ముందు అడిగేది, "బోరు వేయిస్తున్నారా?" అని. లేదండీ. ఫలోంబే జిల్లాలో మేం సాయం చేస్తున్న ఊళ్ళో బోరు ఉంది, అందులో నీళ్ళూ ఉన్నాయి. మేం మొదటిసారి వెళ్ళేసరికి బోరింగు మాత్రం ఎంత కొట్టినా చుక్క రావడం లేదు. ఆడవాళ్ళు బకెట్లు నెత్తిన పెట్టుకుని వాగుకి పోతున్నారు. ఇది 2022 మార్చిలో మొదలైన కలరా 1,700 మందికి పైగా ప్రాణాలు తీసిన దేశం. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఈ జిల్లా మీదే విరుచుకుపడింది. అలాంటిచోట వాగు నీళ్ళు తాగుతున్నారంటే నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడి పల్లెల్లో ఎక్కువగా కనిపించేది అఫ్రిడెవ్ రకం బోరింగు. 1980లలో మలావి, కెన్యాల్లోనే రూపుదిద్దుకుంది. ఊరివాళ్ళే విప్పి బాగుచేసుకోవాలన్నది దాన్ని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం. పైపులు పీకక్కర్లేదు, రాడ్లు ఒక్కొక్కటే పైకి లాగితే పిస్టన్ వచ్చేస్తుంది. మెకానిక్ సైకిల్ మీద వచ్చి, ఊరి ఆడవాళ్ళ చేతే రాడ్లు లాగించి చూపించాడు. అరిగిపోయింది రబ్బరు సీలు, ప్లాస్టిక్ బుష్‌లు. అరచేతిలో పట్టే ఆ ముక్కల కోసం ఊరంతా అన్ని నెలలు వాగుకి నడిచింది!

మా గ్రూపులో ఒక పెద్దాయన, బాబాయిగారనే పిలుస్తాం, వాళ్ళమ్మగారి పేరు మీద కొత్త బోరు వేయిస్తానన్నారు. ఆయన మనసు బంగారం. కానీ పక్కనే రెండో బోరు వేసినా దాని సీలూ అరుగుతుంది కదా బాబాయిగారూ అన్నాను. సీలు మీద పేరు రాయించలేం, నిజమే. రిపేరుకి చందా పుట్టకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

ఊళ్ళో నీళ్ళ కమిటీ ఉంది, ఇంటికింత అని నెలనెలా వసూలు చేసేది. జనవరి నుంచి మార్చి దాకా ఇళ్ళల్లో మొక్కజొన్న నిండుకుంటుంది. పిండి కొనడానికే కూలికి పోయే రోజుల్లో బోరింగుకి డబ్బెక్కడిది? వసూళ్ళు అక్కడే ఆగిపోయేవి. ఇప్పుడు పంట ఇంటికొచ్చాక, మే నెలలో ఒకేసారి తీసుకుంటున్నారు. ఈ ఆలోచన మాది కాదు, కమిటీలో డబ్బు పెట్టె చూసే ఆవిడది. మా చందా ఆ పెట్టెకి తోడు మాత్రమే.

ఇంకొక సంగతి. ఆ డబ్బుని క్వాచాల్లో, అంటే ఇక్కడి కరెన్సీలో, దాచి ఉంచడం లేదు. 2023 నవంబరులో డాలరు ఒక్కసారిగా 1,180 క్వాచాల నుంచి 1,700కి పోయింది. స్పేర్లు బయటి దేశాల నుంచి రావాల్సినవి, మన ఇండియా నుంచి కూడా వస్తాయి. అందుకే డబ్బు చేతికి రాగానే సీళ్ళు, బుష్‌లు కొని ఊళ్ళోనే పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాం. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఈ నెల రసీదులన్నీ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను, చూడండి. రాడ్లు రెండు తుప్పు పట్టాయి, వానలు మొదలయ్యేలోపు మార్చాలి. ఫోన్లో డబ్బు పంపే ఎయిర్‌టెల్ మనీలో పంపినా, ఎంపాంబాలో పంపినా సరే, "రాడ్ల కోసం" అని ఒక్క ముక్క రాయండి. లెక్క విడిగా చూపించగలుగుతాను.