గుణదల మెట్ల మీద రాసుకున్న కాగితం

ఫిబ్రవరి 10 సాయంత్రం ఖమ్మంలో రైలెక్కాను. విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్లకు చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్లేవాణ్ని. అమ్మ పోయాక వెళ్లడం ఇదే మొదటిసారి.

9, 10, 11 తేదీల్లో ఆ కొండ జనంతో నిండిపోతుంది. కృష్ణలో మునిగి, తలనీలాలిచ్చి, కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ పట్టుకుని మాత గుహకు నడుస్తారు. వాళ్లలో హిందువులూ చాలామందే. 1924లో అక్కడి అనాథాశ్రమం చూసుకునే ఫాదర్ ఆర్లాటి లూర్దుమాత స్వరూపాన్ని నిలిపినప్పటి నుంచీ ఈ రాకపోకలు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే అమ్మాయికి కనిపించి మాత మూడుసార్లు అన్న మాట పశ్చాత్తాపం. నేనూ పాపసంకీర్తనం చెయ్యాలనే, అంటే ఫాదర్ ముందు నా పాపాలు ఒప్పుకోవాలనే వెళ్లాను. చేసి ఏళ్లయింది.

ఏదీ మరచిపోకూడదని రాత్రి మెట్ల పక్కన కూర్చుని, సెల్‌ఫోన్ వెలుగులో ఒక పాత కవరు వెనక రాసుకున్నాను. 'ఇంట్లో కోపం వచ్చింది, చెయ్యి లేచింది. చెల్లి దగ్గర మాట జారింది. అమ్మ గొలుసు తాకట్టులో పోయింది.'

తిరిగి చదివితే ఒక్క వాక్యంలోనూ నేను లేను. కోపం ఎక్కణ్నుంచో వచ్చింది, మాట దానంతటదే జారింది, గొలుసు తనే పోయింది. ఏదెనులో ఆదాము కూడా నువ్విచ్చిన ఈ స్త్రీయే ఇచ్చిందని భార్య మీదా దేవుడి మీదా ఒకేసారి తోసేశాడు. దావీదు రాజు అలా కాదు. నాతాను ప్రవక్త నిలదీస్తే ఎవరి పేరూ ఎత్తకుండా పాపం చేశానన్నాడు. నాకు ఆ ధైర్యం కావాలి.

అన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. 'నా భార్యను కొట్టాను.' రాస్తుంటే వేళ్లు వణికాయి. 'అమ్మ మూడు కాసుల గొలుసు తాకట్టు పెట్టాను. వడ్డీ కట్టలేకపోయాను.' అక్కడ ఆగాను. కట్టగలిగిన నెలలున్నాయి, ఆ నెలల్లోనే బండి కొన్నాను. 'కట్టలేదు' అని దిద్దాను. ఆ కింద, 'చెల్లి అడిగితే అమ్మే అమ్మేసుకుందని చెప్పాను.' తర్వాత చాలాసేపు కొండ మీది సిలువను చూస్తూ కూర్చున్నాను.

తెల్లవారుజామున వరుసలో నిలబడి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఫాదర్‌కు చదివాను. ఆయన అంతా విని, "గొలుసు సంగతి ఏం చేస్తావు బాబూ?" అన్నారు. క్షమాపణ దొరికినా దొంగసొత్తు తిరిగివ్వాల్సిందే. సువార్తలో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని యేసుతో అన్నాడు. చెల్లి వాటా బంగారం కొనిస్తానని, ఇవాళే చెబుతానని అన్నాను. ఇంటికెళ్లి భార్య ముందు కూడా ఈ మాటే చెప్పాలి.

గుడిలో దివ్యపూజాబలి (మాస్) అయ్యాక మెట్లు దిగి చెల్లికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. అటువైపు ఊపిరి తప్ప మాట లేదు.

"అమ్మ పోయేదాకా నేను తనతో సరిగ్గా మాట్లాడలేదు కదన్నయ్యా," అంది చివరికి.

"తెలుసమ్మా. తెలిసే ఊరుకున్నాను."