ఒక్క ట్రాక్టర్, నాలుగు కార్లు

నెల్లూరు అయ్యప్పగుడి సెంటర్లో పచ్చలైటు పడింది. ముందు వరసలో వడ్ల బస్తాల ట్రాక్టర్. ఫస్ట్ గేరులో మూలిగి, ట్రాలీ కూడలి దాటేసరికి మళ్లీ ఎర్రలైటు. వెనకున్న బస్సు ఉన్నచోటే ఉంది.

ఒక్కో బండి ఎన్ని కార్లంత రోడ్డు తింటుందో చెప్పే లెక్కొకటుంది, అందులో కారు 1. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణాల రోడ్లకిచ్చిన పట్టికలో ట్రాక్టర్-ట్రాలీ తక్కువలో తక్కువ 4. ఆటోదే తమాషా. మొత్తం బండ్లలో అవి 5 శాతం ఉంటే ఒక్కోటి 1.2, 10 శాతం, ఆపైన ఉంటే 2. బండి అదే, సైజూ అదే! కాకపోతే ఎక్కువయ్యేకొద్దీ, ఆటో ఆగిన ప్రతిచోటా వెనకోళ్లు పక్క వరసలోకి తిప్పాలి, ఆ వరసా నీరసిస్తుంది.

ఖర్చు మాత్రం సమానంగా పడదు. 2 నిమిషాలు ఆగితే కారులో ఒక్కడికి 2 నిమిషాలే. బస్సులో 50 మంది ఉంటే మొత్తం 100. పైగా బస్సు సందుల్లో దూరలేదు. బైకులు దూరి స్టాప్ లైను ముందు గుమిగూడతాయి, అవి కదిలాకే దానికి దారి.

ఆటో పూర్తిగా ఎడమకి దిగి ఆగితే పక్క వరస బతుకుతుంది. దిగడానికి చోటేదీ, అక్కడ అరటిపళ్ల తోపుడుబండి. పట్టికలో దానికీ 2 ఉందండోయ్.