సీ గ్రూపు పిల్లలు, బీజగణితం

జనవరి రాగానే మన దక్షిణ తెలంగాణలోని చాలా ఉన్నత పాఠశాలలలో పదో తరగతి పిల్లలను ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీసి స్పెషల్ క్లాసులు పెట్టడం ఏటా చూస్తున్నదే. లెక్కల్లో 35 మార్కులు దాటడం అనుమానమే అనిపించిన పిల్లలంతా సీ గ్రూపులోకి వెళ్తారు. వాళ్లకు గ్రాఫు లెక్క, సమితులు, కొన్ని నిర్వచనాలు, బిట్లు అప్పజెప్పి, వర్గ సమీకరణాల జోలికీ శ్రేఢుల జోలికీ పోవద్దని చెబుతాం. పిల్లలు తప్పకూడదన్న ఆరాటమే దీనికి కారణం గనుక ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అయితే దేవరకొండ ప్రాంతంలో ఏళ్ల తరబడి లెక్కలు చెబుతున్న ఉపాధ్యాయుడిగా నాకు స్పష్టంగా తెలిసినది ఒకటుంది. ఈ విభజన నిజానికి ఎనిమిదో తరగతిలో, సమీకరణాల పాఠం మొదలైన వారంలోనే జరిగిపోతుంది. జనవరిలో మనం దానికి పేరు మాత్రమే పెడతాం.

ఎలా జరుగుతుందో చెబుతాను. బోర్డు మీద 3ఎక్స్ = 12 అని రాసి ఒక పిల్లవాడిని లేపుతాం. బాగా చదువుతాడని పేరున్నవాడైతే ఆగుతాం, చిన్న ఆధారం అందిస్తాం, ప్రశ్నను ఇంకోలా అడుగుతాం. వెనక బెంచీ వాడైతే, వాడు నోరు తెరవకముందే "కూర్చో, నువ్వు చెప్పమ్మా" అని పక్కకు తిరుగుతాం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో సైన్సు తరగతుల సంభాషణలను టేపు మీద రికార్డు చేసి పరిశీలించినప్పుడు, ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, వెనకబడ్డారని తాము భావించిన పిల్లలకు ఆ కొద్ది సమయం కూడా తగ్గించి ఇస్తున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచగానే జవాబుల నిడివి పెరిగింది, అంతవరకు మాట్లాడని పిల్లలు మాట్లాడసాగారు. మూడు సెకన్లంటే తరగతి గదిలో చాలా పొడుగు. నలభై మంది మన ముఖంలోకి చూస్తుండగా మౌనంగా నిలబడటం ఉపాధ్యాయుడికి కష్టమే, కానీ నేర్చుకోదగిన కష్టం. ప్రార్థన సమయంలో "మీరంతా సాధించగలరు" అని మనం చెప్పే మాటను పిల్లలు నమ్మాలా వద్దా అన్నది తేల్చేది ఆ మూడు సెకన్లే.

ఇక ఆ పిల్లలకు బీజగణితం నిజంగా రాదా? మా తరగతిలో ఒక తండా పిల్లవాడు పై సమీకరణానికి జవాబు 9 అని రాశాడు. పన్నెండులోంచి మూడు తీసేశాడన్నమాట. "అటు పోతే గుర్తు మారుతది" అన్న పక్షాంతర సూత్రం ఒక్కటే వాడికి గుర్తుంది. ఆ మూడు ఎక్స్‌తో గుణకారంలో ఉందా, కూడికలో ఉందా అన్నది ఎవరూ వాడి చేత ఆలోచింపజేయలేదు. పుస్తకం మూయించి ఇలా అడిగాను: మీ అమ్మ పత్తి ఏరబోయింది, కిలోకు పన్నెండు రూపాయలు, వంద రూపాయలు ముందే తీసుకున్నది, సాయంత్రం చేతికి రెండువందల అరవై వచ్చినయి, మరి ఎన్ని కిలోలు ఏరినట్టు? నేను మాట ముగించి ఊపిరి తీసుకునేలోపే "ముప్పై సార్" అన్నాడు. ఎట్లా అంటే, "ముందుగల్ల తీసుకున్న వంద కలుపాలె గద సార్. మూడొందల అరవై. పన్నెండుతోని భాగిస్తె ముప్పై." వాడు చెప్పిన మాటలనే వరుసగా బోర్డు మీద రాశాను: 12ఎక్స్ − 100 = 260, తరువాత 12ఎక్స్ = 360, తరువాత ఎక్స్ = 30. తీసినదాన్ని కలిపాడు, గుణించినదాన్ని భాగించాడు, ఏది ముందు చేయాలో ఏది తరువాత చేయాలో కూడా సరిగ్గా ఎంచుకున్నాడు. పక్షాంతరం అంటే ఇంతే. ఆ తరువాత 3ఎక్స్ = 12 దగ్గరికి తీసుకొస్తే, 9 రాసిన చోట తానే కొట్టేసి 4 రాశాడు.

ఇందువల్ల వాడు మర్నాటి నుంచి మొదటి ర్యాంకు విద్యార్థి అయ్యాడని నేను చెప్పడం లేదు. రుణ సంఖ్యలు, భిన్నాలు వచ్చినప్పుడు మళ్లీ తడబడ్డాడు, ఎందుకంటే ఆరో తరగతిలో, ఏడో తరగతిలో పడాల్సిన పునాది పడలేదు. అది కూడా మనం ఒప్పుకోవాలి. ఊరికే నమ్మకం పెట్టుకుంటే ఫలితం వస్తుందని ప్రచారం చేసేవారు సాధారణంగా ఉదహరించేది రోసెంతాల్, జాకబ్‌సన్ అనే ఇద్దరు అమెరికన్లు 1968లో వెల్లడించిన ప్రయోగాన్ని. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదుగురిలో ఒకరి చొప్పున పిల్లలను యాదృచ్ఛికంగా ఎంచి, వీరు త్వరలో బాగా ఎదుగుతారని ఉపాధ్యాయులకు చెప్పారు. ఏడాది తరువాత చూస్తే ముఖ్యంగా ఒకటి, రెండు తరగతులలో ఆ పిల్లల తెలివి పరీక్షల అంకెలు మిగతావారికన్నా ఎక్కువగా పెరిగాయి. పై తరగతులలో అంత తేడా కనిపించలేదు. ఆ తరహా ప్రయోగాలను రాడెన్‌బుష్ అనే పరిశోధకుడు 1984లో కలిపి పరిశీలించగా, ఉపాధ్యాయుడికి పిల్లలతో రెండు వారాలకు మించిన పరిచయం ఉన్నచోట బయటివారు చెప్పిన మాట ప్రభావం దాదాపు శూన్యమని తేలింది.

నాకు ఈ రెండో విషయమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. మనకు బడులు జూన్‌లో తెరుస్తారు. మొదటి రెండు వారాలలో పిల్లవాడి గురించి మన మనసులో పడే ముద్ర ఏడాదంతా చెరగదు. అందుకే కొత్త తరగతి చేతికి రాగానే పాత మార్కుల రిజిస్టరు ముందుగా తెరవడం నాకు ఇష్టముండదు, స్టాఫ్ రూములో "వాడా, వాడికి ఏమీ రాదు" అనే మాటలు వినడం అంతకన్నా ఇష్టముండదు. ప్రారంభ పరీక్ష పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. కాని దిద్దేటప్పుడు ఎన్ని మార్కులొచ్చాయని కాక ఎక్కడ తప్పాడని రాసుకోవాలి. 3ఎక్స్ = 12కు 9 అని రాసినవాడూ, 36 అని రాసినవాడూ, ఖాళీగా వదిలేసినవాడూ ముగ్గురూ సున్నా మార్కుల పిల్లలే అయినా, ముగ్గురికీ చెప్పవలసిన పాఠం ఒకటి కాదు.

పెద్ద అంచనా పెట్టుకోవడం అంటే పెద్ద చాకిరీ నెత్తికెత్తుకోవడం. లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూలులో జైమే ఎస్కలాంటె అనే ఉపాధ్యాయుడు లెక్కలు చెప్పిన పేదింటి పిల్లలు 1982లో కఠినమైన కలన గణిత పరీక్షలో పద్దెనిమిది మందికి పద్దెనిమిది మందీ గెలవడం, వారిలో పద్నాలుగు మందిని కాపీ కొట్టారేమోనని నిర్వాహకులు అనుమానిస్తే పన్నెండు మంది తిరిగి రాసి అందరూ మళ్లీ గెలవడం ప్రపంచమంతా చెప్పుకున్నది. ఆయన 1974 నుంచి అక్కడ ఉన్నాడని, తరువాతి కాలంలో అంతమంది పిల్లలను అందుకోవడానికి వేసవి తరగతులు నడిపి కింది నుంచి బీజగణితం పటిష్ఠం చేశాడని చెప్పేవారు తక్కువ.

మన దగ్గర ఆ చాకిరీకి ఒక ప్రత్యేక రూపం ఉంది. అక్టోబరు దాటితే పత్తి ఏరే కాలం. తరగతిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. పాలమూరు ప్రాంతంలో తల్లిదండ్రులు వలస పోతే పిల్లలు వాళ్ల వెంట పోతారు, లేదా ముసలివాళ్ల దగ్గర మిగిలిపోతారు. చరిత్ర పాఠం నెలరోజులు పోగొట్టుకున్న పిల్లవాడు తరువాతి పాఠం వినగలడు. బహుపదులు పోగొట్టుకున్నవాడు వర్గ సమీకరణాలలో ఒక్క మెట్టు కూడా ఎక్కలేడు. తిరిగి వచ్చిన ఆ పిల్లవాడిని జనవరిలో నేరుగా సీ గ్రూపులో కూర్చోబెట్టి, వాడు రానిరోజుల పాఠాన్ని వాడికి రాని పాఠంగా లెక్కగట్టడం అన్యాయం.

తోటి ఉపాధ్యాయులను నేను కోరేది ఎక్కువేమీ కాదు. స్పెషల్ క్లాసులో సీ గ్రూపుకు గ్రాఫు లెక్క నేర్పండి, బిట్లు చెప్పండి, పాస్ మార్కులు ఖాయం చేయండి. దానితోపాటు రోజుకొక్క వర్గ సమీకరణాన్ని, మొదట్లో చిన్న పూర్ణాంకాలతోనే సరే, కారణాంకాలుగా విడగొట్టించండి, అది కూడా మీరు బోర్డు మీద చేసి దింపుకోమనకుండా వాళ్ల చేతే చేయించండి. రెండు సంఖ్యల మొత్తం 7, లబ్ధం 12 అంటే ఆ సంఖ్యలేవో వాళ్లు వేళ్ల మీద వెతికి 3, 4 అని చెప్పేదాకా ఆగండి.